మందుకూ నీడ కావాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా రాజమహేంద్రవరంలో జరిగిన సభలో మా సాంస్కృతిక సంఘం ఆరోగ్య బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9ని ఆదివాసుల దినంగా ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించింది. ఈ రోజున మన భూమి గురించి, 1/70 చట్టం గురించి, పోడు పట్టాల గురించి, మన భాషల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. అవన్నీ పెద్దలు మాట్లాడారు. మేము ఒక చిన్న విషయం కోసం కాస్త సమయం అడిగి తీసుకున్నాం. చల్లగా ఉంచవలసిన మందుల గురించి నాలుగు మాటలు చెప్పాలని. సాంస్కృతిక సంఘానికి మందుల గొడవ ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. మాటల్లోనే తెలుస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

ముందే ఒక మాట చెప్పేయాలి. మేము డాక్టర్లం కాదు. మాలో ఆశా కార్యకర్తలున్నారు, ఆరోగ్య శాఖలో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు, డిగ్రీ చదువుతున్న కుర్రాళ్లున్నారు. ఇక్కడ చెప్పేదంతా పీహెచ్‌సీ సిబ్బంది దగ్గర నేర్చుకున్నది కొంత, మా తప్పుల వల్ల నేర్చుకున్నది కొంత. ఆ తప్పుతోనే మొదలుపెడతాం.

కొన్నేళ్ల కిందటి వేసవి. ఘాట్ రోడ్డు వైపు ఒక గూడెంలో పదకొండేళ్ల పిల్ల. చిన్నపిల్లలకు వచ్చే రకం షుగరు. ఆ పిల్లకు రోజూ ఇన్సులిన్ పడాల్సిందే. ఇంట్లో మందు అయిపోవస్తోందని కబురొస్తే మాలో ఇద్దరం రాజమండ్రిలో కొని తీసుకెళ్లాం. ఎండ మండిపోతోంది. మందు చల్లగా ఉండాలని షాపులో చెప్పారు. ఎంత చల్లగా అని మేము అడగలేదు. తెలిసినవాళ్ల ఐస్‌క్రీమ్ షాపు ఫ్రీజరులో రాత్రంతా పెట్టి రాయిలా చేసిన నీళ్ల సీసాలు తెచ్చి, థర్మాకోల్ పెట్టెలో వాటి మధ్యన ఇన్సులిన్ సీసాలు ఇరికించాం. గూడెం చేరి పెట్టె తెరిస్తే సీసాలు చల్లగా తగిలాయి. ఎంతో జాగ్రత్తగా తెచ్చామని మురిసిపోయాం.

మూడో రోజుకు పిల్లకు ఒకటే దాహం, వాంతులు, ఆయాసం. రాత్రికి రాత్రి ఆసుపత్రికి చేర్చారు. అక్కడి డాక్టరు గారు ఆ సీసా తెప్పించి వెలుగుకు పట్టి చూశారు. లోపల తెల్లటి పలుకులు గాజుకు అంటుకుని ఉన్నాయి. "ఇది గడ్డకట్టి కరిగిన మందు. ఇది పొడిచినా ఒకటే, పొడవకపోయినా ఒకటే" అన్నారు. పిల్ల తల్లి మా వైపు చూసి, "ఒక్క పూట కూడా మానలేదు బాబూ, చెప్పినట్టే వేశాం" అంది. ఆమె నిజమే చెప్పింది. ఆమె వైపు ఏ తప్పూ లేదు. పిల్ల బతికింది, ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. ఆ తల్లి మాట మాత్రం మాలో ఎవరమూ మరిచిపోలేదు. ఈ ఆరోగ్య బృందం అలా పుట్టింది.

మేము చేసిన తప్పేమిటో తర్వాత అర్థమైంది. కరుగుతున్న మంచు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. ఫ్రీజరులోంచి అప్పుడే తీసిన మంచు సున్నాకు చాలా కిందన ఉంటుంది. దాన్ని ఆనుకున్న మందు కూడా గడ్డకడుతుంది. ఇన్సులిన్, చాలా టీకాలు, పాము కాటు మందు ఇవన్నీ మాంసకృత్తులతో ముడిపడినవి. ఉడికిన గుడ్డు చల్లారితే మళ్లీ పచ్చి గుడ్డు అవుతుందా? కాదు. గడ్డకట్టిన పాలు కరిగితే ఎలా విరిగినట్టవుతాయో ఎప్పుడైనా చూసే ఉంటారు. ఈ మందులకు వేడీ శత్రువే, మంచూ శత్రువే. అందుకే వీటికి 2 నుంచి 8 డిగ్రీలు అని గీత గీశారు.

ఇన్సులిన్‌ను మొదటిసారి మనిషికి ఇచ్చింది 1922 జనవరి 11న, కెనడాలోని టొరంటోలో, పద్నాలుగేళ్ల లియోనార్డ్ థాంప్సన్ అనే కుర్రవాడికి. అదే ఏడాది ఆగస్టు 24న అల్లూరి దళం మన రాజవొమ్మంగి పోలీసు స్టేషను మీదికి వెళ్లింది. అంటే ఈ మందుకూ మన మన్యం పోరాటానికీ ఒకటే వయసు. నూరేళ్లు దాటినా కొండ మీది పిల్ల దాకా ఆ మందు చెడిపోకుండా చేరడం ఇంకా కష్టంగానే ఉందంటే ఆలోచించాల్సిన విషయమే కదండీ.

ఇక మన ఇళ్ల సంగతి. మన అమ్మమ్మలు ఏది ఎక్కడ దాచాలో తెలిసినవాళ్లు. విత్తనాల మొక్కజొన్న కంకుల్ని పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీస్తారు. పురుగు పట్టదు. చింతపండు, ఇప్పపువ్వు ఎండబెట్టి గాలి ఆడే బుట్టలో పెడతారు. అంబలీ, నీళ్లూ సొరకాయ బుర్రలో పోసి పొలానికి తీసుకెళ్తారు. మిట్టమధ్యాహ్నం కూడా అందులో నీళ్లు చల్లగా ఉంటాయి. పొగకు ఏది, గాలికి ఏది, నీడకు ఏది అన్నది మన సంస్కృతిలో భాగం. అందుకే సాంస్కృతిక సంఘం ఈ మాట మాట్లాడుతోంది. మన దగ్గరున్న ఆ తెలివిని కొత్తగా వచ్చిన మందులకు కూడా వాడదామంటున్నాం.

ఎందుకంటే మేము ఇళ్లకు వెళ్లి చూసినప్పుడు మందులు ఎక్కువగా కనిపించింది పొయ్యి పైనున్న అటక మీద, రేకు కప్పు కింద దూలం సందులో. పిల్లలకు అందకూడదని అక్కడ పెడతారు. ఉద్దేశం మంచిదే. కాని మే నెలలో రేకు కింద చేయి పెట్టి చూడండి, కాలుతుంది. విత్తనానికి మంచి చోటు మందుకు మంచి చోటు కాదు. మట్టి గోడ వైపు, కింద, నీడగా ఉన్నచోట, మూత ఉన్న డబ్బాలో, తాళం వేసి పెట్టండి. పిల్లలకూ అందదు, వేడీ తగలదు.

మందు మీద రాసి ఉన్న మాటల్ని కూడా చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. 'కోల్డ్' అని ఉంటే 2 నుంచి 8 డిగ్రీలు, అంటే ఫ్రిజ్ కావాలి. 'కూల్' అని ఉంటే 8 నుంచి 25 డిగ్రీలు. తెలుగులో రెండింటినీ చల్లని చోటు అనే అంటాం. అక్కడే చిక్కు వస్తుంది. '30 డిగ్రీల లోపు' అని ఉంటే నీడలో, గాలి తగిలేచోట పెడితే చాలు. మాత్రలు చాలా వరకు ఈ చివరి రకమే. వాటికి వేడితో పాటు వాన చెమ్మ కూడా పడదు. వానాకాలంలో రేపటికి కావాలని ఈ రోజే షీటు చింపి మాత్ర బయటికి తీసి పొట్లం కట్టొద్దు. పిల్లలకు ఇచ్చే పొడి సిరప్పులో నీళ్లు కలిపాక చాలా వాటిని ఏడు రోజులకు మించి వాడకూడదు. మిగిలింది కదా అని వచ్చే జ్వరానికి దాచొద్దు.

ఇన్సులిన్ వాడేవాళ్లు జాగ్రత్తగా వినండి. తెరవని సీసాకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. ఇంట్లో ఫ్రిజ్ ఉంటే మధ్య అరలో, మూత ఉన్న డబ్బాలో, పైనున్న ఐసు గదికి దూరంగా పెట్టండి. ఐసు గదిలో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి. మూసి ఉంచితే సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. తెరిచి వాడుతున్న సీసాను ఫ్రిజ్ లేకపోయినా నీడలో నాలుగు వారాల దాకా వాడుకోవచ్చు. చాలా రకాలకు 28 రోజుల లెక్క. తెరిచిన రోజే తేదీ సీసా మీద రాయండి. నీళ్లలా ఉండే రకం మబ్బుగా మారినా, పాలలా ఉండే రకం అరచేతుల మధ్య దొర్లించాక కూడా పలుకులుగా కనిపించినా వాడొద్దు. పైకి బాగానే కనిపిస్తూ లోపల పోయిన మందు కూడా ఉంటుంది. మందు వేస్తున్నా షుగరు దిగకపోతే మోతాదు మీరే పెంచుకోకండి. కొత్త సీసా మార్చి, పరీక్ష చేయించి, డాక్టరుకు చూపించండి.

ఫ్రిజ్ లేని ఇంటికి మట్టికుండ ఉంది. పెద్ద కుండలో ఇసుక వేసి, దాని మధ్య చిన్న కుండ పెట్టి, ఇసుకను తడిపి, పైన తడి గుడ్డ కప్పాలి. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు ఈ కుండలోకుండ పద్ధతిని 1990లలో కూరగాయల కోసం ఊరూరా వ్యాప్తి చేశాడు. మనం ఇన్సులిన్‌కు వాడుకోవచ్చు. మందును నేరుగా తడి తగలకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను చిన్న కుండలో దించాలి. పొద్దున్నా సాయంత్రం ఇసుక తడపాలి. కుండ ఎండలో ఉండకూడదు, మూసిన గదిలోనూ ఉండకూడదు, గాలి ఆడాలి.

అయితే కుండ పరిమితి కూడా తెలుసుకోవాలి. పొడి ఎండ కాసే ఏప్రిల్, మే నెలల్లో కొండల వైపు బాగా పని చేస్తుంది. గాలిలో చెమ్మ నిండి ఉన్నప్పుడు నీరు ఆవిరి కాదు, చల్లదనం రాదు. వరికోతలకు, ఇటుక బట్టీలకు కోనసీమ వైపు వలస వెళ్లినవాళ్లు అక్కడ కుండ పెట్టి, ఇది మన ఊళ్లోలా పని చేయడం లేదేమిటని అడిగారు. కారణం అదే. వానాకాలంలో కొండల మీద కూడా అంతే. ఇంకో మాట, ఎంత బాగా పని చేసినా కుండ 8 డిగ్రీలకు దిగదు. వాడుతున్న సీసాకే కుండ. నెలల తరబడి నిల్వకు, టీకాలకు, పాము మందుకు కుండ సరిపోదు.

మరి రేకుల షెడ్డులో, కుండ కూడా పని చేయని చోట ఏం చేయాలి? భయపడి మందు మానకండి. కెన్యాలోని డాగహాలే శరణార్థి శిబిరంలో ఇళ్లల్లో వేడి 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగుతుంటుంది. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి అదే వేడిలో ఇన్సులిన్‌ను పరీక్షించి, నాలుగు వారాల దాకా దాని బలం నిలుస్తోందని 2021లో ప్రకటించాయి. కాబట్టి కాస్త వెచ్చబడిన మందు కన్నా మానేసిన మందే ప్రమాదం. మీరుండే చోటు ఎంత వేడిగా ఉంటుందో డాక్టరుకు చెప్పి, సీసా ఎన్ని రోజులకు మార్చాలో అడగండి.

దారిలో జాగ్రత్తలు. రాజమండ్రి నుంచి మారేడుమిల్లికి ఎనభై కిలోమీటర్ల పైన. చింతూరు ఇంకా దూరం. బండి డిక్కీలో మందు పెట్టి ఎండలో ఆపితే లోపల పొయ్యిలా ఉంటుంది. తెలిసిన బస్సు డ్రైవరు చేతికి మందుల సంచి ఇచ్చి పంపడం మనకు అలవాటు. ఆయన పాపం భద్రంగా కళ్ల ముందుంటుందని ఇంజను బాయినెట్ మీద పెట్టుకుంటాడు. ఘాట్ ఎక్కే సరికి అది కాగుతుంది. బాయినెట్ మీద వద్దు, సీటు కింద నీడలో పెట్టండని ఒక్క మాట చెప్పండి. ఐసు వాడితే ఫ్రీజరులోంచి తీసిన ప్యాకును బయట ఉంచండి. పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వచ్చేదాకా ఆగండి. ఆ తర్వాత దానికి గుడ్డ చుట్టి, మందు దానికి ఆనకుండా పెట్టండి. టీకాలు తెచ్చే ఏఎన్ఎమ్ అమ్మాయి ఉదయాన్నే ఐసు ప్యాకులు బల్ల మీద పరిచి కూర్చుంటే, పని లేక కూర్చుందని అనుకోకండి. ఆమె చేసేది ఈ పనే. మేము ఆ రోజు చేయనిదీ ఇదే.

టీకాల మాట వచ్చింది కాబట్టి చెబుతాం. పీహెచ్‌సీలో టీకాలుండే పెట్టెను ఐఎల్ఆర్ అంటారు. దాని తలుపు పైకి తెరుచుకుంటుంది. చల్లగాలి బరువుగా ఉండి కిందే ఉంటుంది కాబట్టి మూత తెరిచినా ఒలికిపోదు. రోజుకు 8 గంటలు కరెంటున్నా అది చల్లదనాన్ని నిలబెట్టుకోగలదు. రోజుకు రెండుసార్లు దాని ఉష్ణోగ్రత రాయాలి. టీకా సీసా మీద ఒక గుండ్రని గుర్తు, దాని మధ్యలో చతురస్రం ఉంటాయి. లోపలి చతురస్రం బయటి వలయం కన్నా తెల్లగా ఉంటే మందు మంచిది. రెండూ ఒకే రంగైనా, లోపలిది ఇంకా ముదిరినా వాడకూడదు. చదువు రాని అమ్మ కూడా ఇది చూసి చెప్పగలదు. చూపించమని మర్యాదగా అడగండి. అయితే ఆ గుర్తు వేడిని మాత్రమే పట్టిస్తుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. పెంటావాలెంట్, ధనుర్వాతం టీకాల వంటివి గడ్డకడితే పనికిరావు. అందుకే ఆ ఐసు ప్యాకుల జాగ్రత్త.

తట్టు-రుబెల్లా టీకా పొడిలో ద్రవం కలిపాక 4 గంటల్లో వాడేయాలి, లేకపోతే పారేయాలి. సాయంత్రం కొండ దిగి వచ్చి, పొద్దున కలిపిన మందు ఉంది కదా వెయ్యమని పట్టుబట్టకండి. ఆమె వద్దన్నదంటే మీ బిడ్డ మంచికే. పిల్లల్ని ఉదయమే తీసుకురండి. పోడు పనులున్న రోజుల్లో ఉదయం రాలేమంటే, టీకా రోజును సంతకు అడ్డం రాకుండా మార్చమని పీహెచ్‌సీని అడుగుదాం. ఆ మాట అడగడానికి సంఘం ముందుంటుంది.

పాము కాటు మందు ఇంట్లో ఉంచుకునేది కాదు, ఆసుపత్రిలో డాక్టరు ఇచ్చేది. కాని అది మన పీహెచ్‌సీలో ఏ రకం ఉందో తెలుసుకునే హక్కు మనకుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికీ పనిచేసే మందే మన దేశంలో ఇస్తారు. అది రెండు రూపాల్లో వస్తుంది. ద్రవంగా ఉన్నది 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. పొడిగా ఉన్నది ఫ్రిజ్ లేకపోయినా చల్లని పొడి గదిలో నిల్వ ఉంటుంది, వాడేటప్పుడు నీరు కలుపుతారు. కరెంటు తరచూ పోయే చోట పొడి మందు ఉంచమని గ్రామసభలో తీర్మానం చేసి ఇవ్వవచ్చు.

అలాగే కాన్పు తర్వాత రక్తం ఆగడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ కూడా 2 నుంచి 8 డిగ్రీల మందే. అది వేడికి బలం తగ్గితే, సూది వేసినా తల్లికి రక్తం ఆగకపోవచ్చు. వేడిని తట్టుకునే కార్బెటోసిన్ అనే మందు మీద పది దేశాల్లో దాదాపు 30 వేల మంది బాలింతలతో జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. వాటిలో మన దేశపు తల్లులూ ఉన్నారు. కొండ ప్రాంతాల ఆసుపత్రుల్లో అలాంటి మందు ఉండాలని అడగడం మనవాళ్ల ప్రాణాల కోసం అడగడమే.

చివరిగా వరద. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, ఎటపాక మండలాల్లో ఎన్నో ఊళ్లు కరెంటు లేకుండా నీళ్ల మధ్య ఉండిపోయాయి. ఫ్రిజ్ ఉన్న ఇల్లూ, లేని ఇల్లూ ఒకటే అయిపోయాయి. అందుకే జూన్ నెలలోనే ప్రతి ఊళ్లో ఇన్సులిన్ వాడేవాళ్లు, నెలలు నిండబోతున్న గర్భిణులు ఎవరెవరో జాబితా రాసుకుందాం. ఇన్సులిన్ ఇంట్లో ఒక నెలకు సరిపడా ఉండేలా చూద్దాం. పడవ ఎక్కే రోజు వస్తే బియ్యం మూటకన్నా ముందు మందు డబ్బా మెడకు కట్టుకోండి. నీరు చొరని డబ్బాలో పెట్టండి. తెలంగాణలోని వికారాబాద్ అడవుల మీదుగా డ్రోనుతో మందులు, టీకాలు పంపే ప్రయత్నం 2021 సెప్టెంబరులో జరిగింది. వరదలో చిక్కుకునే మన ఊళ్లకూ అలాంటిది కావాలని అడగవలసిందే. అది వచ్చేదాకా మన డబ్బా, మన జాబితా మనకు దిక్కు.

పెద్దలారా, ఈ సభ నుంచి మేము కోరేది మూడే పనులు. ప్రతి గూడెంలో ఇద్దరు కుర్రాళ్లు ఇన్సులిన్ వాడే ఇళ్లకు నెలకోసారి వెళ్లి, సీసా మీద తేదీ చూడాలి. ప్రతి ఊళ్లో ఒక్క మంచి థర్మామీటరు, గుడ్డ సంచితో పాటు ఒక ఐసు పెట్టె సంఘం తరఫున ఉంచాలి. ఏ మందు ఎలా దాచాలో కోయ మాటలో, కొండరెడ్ల మాటలో బొమ్మలతో రాసి పీహెచ్‌సీ గోడ మీద అతికించాలి. బొమ్మలు వేయడానికి మా బృందంలో పిల్లలు సిద్ధంగా ఉన్నారు. మొదటి బొమ్మ ఇప్పటికే గీశారు. సొరకాయ బుర్ర పక్కన మందు సీసా, రెండింటి మీదా చెట్టు నీడ. ఆ బొమ్మ వేసింది ఆ రోజు మా తప్పు వల్ల ఆసుపత్రి పాలైన ఆ పిల్లే.

 జై ఆదివాసీ.